దిమ్మిస కొట్టిన మడి

జూన్ 9

అక్కకి,

ఈ అక్షరాలు చూసి ఎవరో పిల్లాడు రాశాడనుకోకు. నేనే రాశాను. కోడలి అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, నావి పునాదిలో పోసిన రాళ్ళలా ఉన్నాయి. అయినా నిలబడ్డాయి కదా. చదువుకో.

ఇన్నేళ్ళూ నీకు వచ్చిన ఉత్తరాలు నావి కావు. "మా అక్కకి మొండితనం మరీ ఎక్కువైంది" అని నేను చెబితే, "అక్కా, ఒంట్లో ఎలా ఉంది, వేళకి తింటున్నావా" అని కోడలు రాసేది. ఇక ఆ బాధ లేదు. నా తిట్లు నీకు సూటిగా అందుతాయి.

కబురేమిటంటే నేను బడిలో చేరి ఆరు నెలలైంది. పెద్దవాళ్ళకి సాయంత్రం పూట చెప్పే బడి. పగలు పిల్లలు కూర్చునే బల్లల మీదే మేమూ కూర్చోవాలి. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. అయినా చదువు వస్తోంది. మా వీధి చివర నేను కట్టిన గోడ మీద నల్లరంగుతో ఏదో రాసి ఉంటే, ఇన్నాళ్ళూ ఇంటాయన పేరనుకున్నాను. నిన్న కూడబలుక్కుని చదివాను. "ఇక్కడ చెత్త వేయరాదు" అని ఉంది.

అసలు సంగతికి వస్తా. బడిలో తోట సంఘం ఒకటి ఉంది. బడి వెనక ఖాళీ జాగాలో చదువుకునేవాళ్ళే కూరగాయలు పండించాలని పంతులమ్మ పెట్టింది. బట్టలు కుట్టే టైలరమ్మ, లారీ తోలి మానేసిన డ్రైవరు, ఇంకో పదిమంది చేరారు. సంఘానికి పెద్ద ఎవరని అడిగితే నేను చెయ్యెత్తాను. ఇంకెవరూ ఎత్తలేదు.

చిక్కల్లా బడి కమిటీ అధ్యక్షుడితో. ఆయనకి ఆ జాగాలో స్కూటర్లు పెట్టించాలని ఉంది. "వార్షికోత్సవం దాకా చూస్తా. ఆ రోజుకి అక్కడ పచ్చగా కనబడితే ఉంచుతా. లేకపోతే గచ్చు పోయిస్తా" అన్నాడు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "ఆ గచ్చు పని నీకే ఇస్తాలే మేస్త్రీ" అన్నాడు. అందరూ నవ్వారు. నా ఒళ్ళు మండిపోయింది. నా తోటకి నా చేతే సిమెంటు పోయిస్తాడట!

కాబట్టి మంచి విత్తనాలు పంపు. నువ్వు పెరట్లో పండిస్తావుగా, వంగ, టమాటా, మిరప. పిసినారితనం చెయ్యకు.

నీ తమ్ముడు,
తోట సంఘం పెద్ద


జూన్ 20

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చూసి బావకి చదివి వినిపించాను. ఇన్నాళ్ళూ నా తమ్ముడు ఎంత మెత్తనివాడో అని మురిసిపోయాను. అదంతా నీ కోడలన్నమాట. ఆ పిల్లకి నా ఆశీస్సులు చెప్పు. నీకు లేవు.

నువ్వు అక్షరాలు దిద్దుతున్నావంటే కళ్ళు చెమర్చాయిరా. అది వేరే సంగతి. కానీ తోట సంఘానికి నువ్వు పెద్దవా? చిన్నప్పుడు నేను నాటిన బంతిమొక్క ఎంత పెరిగిందో చూడాలని రోజూ పీకి వేళ్ళు కొలిచినవాడివి నువ్వే కదా. నీ చేతికి ఇటుక అంటుకుంటుంది గానీ మొక్క అంటదు. ఇంకా మా పెరట్లో నువ్వు కట్టిన గోడ చూడు! నిలువెత్తుకి మించి లేపావు. పొద్దున్న ఎండ ఆ గోడ అవతలే ఆగిపోతుంది. నా టమాటాలు మెడలు సాచుకుని నిలబడుతున్నాయి.

విత్తనాలు మూడు గుడ్డ మూటల్లో పంపుతున్నాను. నల్లదారం కట్టింది వంగ, ఎర్రదారం మిరప, దారం లేనిది టమాటా. నేల బాగా తయారు చేసి చల్లు. నేల పని నీకు నేను చెప్పాలా? బతుకంతా నేల తవ్విన చేతులే కదా.

గచ్చు మాత్రం పోయకు. నీ కన్నా నాకే ఎక్కువ పౌరుషంగా ఉంది.

అక్క


జూలై 5

అక్కకి,

గోడ సంగతి ముందు తేల్చుకుందాం. పక్కింటి మేకలు దూకుతున్నాయి, ఎత్తుగా కట్టమన్నది ఎవరు? నువ్వు. ఇంకో రెండు వరసలు లేపమన్నది ఎవరు? నువ్వే. ఇప్పుడు ఎండ రాలేదని నన్నంటావా? గుండుదారం వేసి చూసుకో. ఆ గోడలో వెంట్రుకవాసి వంకర ఉంటే నా మీసం తీసేస్తాను.

ఇక నీ విత్తనాల సంగతి. ఒక్కటంటే ఒక్కటి మొలవలేదు! రోజూ పొద్దున్నే వెళ్ళి వంగి చూస్తున్నాను. నా నడుం వంగింది గానీ మొక్క లేవలేదు. డ్రైవరు నా వెనక నిలబడి ఈలవేస్తున్నాడు. అధ్యక్షుడు నిన్న సాయంత్రం అటుగా వచ్చి, "నేల భలే చదునుగా ఉందే. గచ్చుకి సగం పని అయిపోయినట్టే" అన్నాడు. నేను తలెత్తలేకపోయాను.

నేల తప్పు కాదు. నేల నేను తయారు చేసినట్టు ఈ ఊళ్ళో ఎవడూ చేయలేడు. టైలరమ్మ ఏదో నసిగింది, "నువ్వు గుండీలు కుట్టుకో" అన్నాను. తప్పు విత్తనాలదే. అటక మీద ఎప్పటినుంచో పడున్న పుచ్చు విత్తనాలు నాకు పంపావు. తమ్ముడు నలుగురిలో తలెత్తుకుంటే నీకు కంటగింపు. చిన్నప్పటినుంచీ అంతే.

నీ తమ్ముడు


జూలై 14

తమ్ముడికి,

నేను నీకు పుచ్చు విత్తనాలు పంపానా? అదే మూటలోంచి తీసి చల్లినవి ఇక్కడ చెంబంత వంగమొక్కలై నిలబడ్డాయి. మూట దులిపినప్పుడు చెత్తకుప్ప మీద పడ్డవి కూడా మొలిచాయిరా! నీ దగ్గర మొలవకపోవడం వాటి తప్పా?

అక్షరాలు నేర్చుకున్నది అక్కని తిట్టడానికా? ఇక నాకు రాయకు. ఏమైనా చెప్పాలనుంటే కోడలి చేత రాయించు. ఆ ఉత్తరాలే నాకు సుఖం.

అక్క

కవరు అంటించబోతుంటే బావ ఒక మాట అడిగాడు. "నేల తయారు చేశానంటున్నాడు, ఏం చేశాడో కనుక్కో" అని. ఏం చేశావురా?


జూలై 22

అక్కకి,

బావ అడిగాడు కాబట్టి రాస్తున్నా. నీకు కాదు, ఆయనకి చదివి వినిపించు.

ముందు జాగా అంతా తవ్వించాను. రాళ్ళూ గాజుపెంకులూ ఏరించాను. నలుమూలలా మేకులు కొట్టి దారం లాగాను. మట్టం చూశాను, ఏ మూలా చూపుడువేలంత తేడా లేదు. తర్వాత మనింట్లో ఉన్న, పునాది మట్టి గట్టిపడేలా కొట్టే పెద్ద దిమ్మిస తీసుకెళ్ళి నేలంతా దిట్టంగా కొట్టాను. డ్రైవరు చేత కూడా కొట్టించాను. చేతులు బొబ్బలెక్కాయని ఏడ్చాడు. నీళ్ళు చల్లడం, మళ్ళీ కొట్టడం. ఏనుగు నడిచినా అడుగు దిగదు. దాని మీద విత్తనాలు వరసగా పేర్చి, పైన జల్లించిన మట్టి పలచగా పరిచి, మళ్ళీ ఒక చుట్టు మెత్తగా దిమ్మిస వేశాను. ఆపైన గోనెసంచులు కప్పి, శ్లాబు ఆరకుండా తడిపినట్టు పొద్దున్నా సాయంత్రం తడిపాను.

ఇప్పుడు చెప్పు. ఇంతకన్నా ఎవడైనా చేస్తాడా?

తమ్ముడు


ఆగస్టు 1

ఒరేయ్ నా తమ్ముడూ, నా బంగారు మేస్త్రీ,

నీ ఉత్తరం చదువుతుంటే "దిమ్మిస" దగ్గరికి వచ్చేసరికి నాకు మాట ఆగిపోయింది. బావ కాగితం లాక్కున్నాడు. చదివి, నవ్వి నవ్వి పొలమారి, గ్లాసులో మంచినీళ్ళు ఒంటి మీద పోసుకున్నాడు. ఇప్పుడు కూడా రాస్తుంటే పక్కగదిలోంచి నవ్వు వినబడుతోంది. నీ మీద కోపమంతా ఎటు పోయిందో తెలియదు.

విత్తనం చంటిపిల్లరా! దాని మీద మేడ కట్టడానికి పునాది వేశావు! కిందికి వేరు దిగాలి, పైకి మొలక రావాలి. నువ్వు కిందా పైనా తలుపులు మూసేశావు. ఆపైన గోనెసంచి కప్పి కుళ్ళబెట్టావు.

ఇప్పుడు చెప్పినట్టు చెయ్యి. ఆ నేలంతా తిరగతవ్వు. చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగాలి. బాగా చివికిన పశువుల ఎరువు కలుపు. విత్తనం చల్లి, పైన గుప్పెడు మట్టి జల్లు. కొట్టకు. తొక్కకు. వేలితో నొక్కను కూడా నొక్కకు. దిమ్మిస ఇంటికి పంపించెయ్యి, నీ కంటికి కనబడకూడదు.

మొలిచాక ఒత్తుగా ఉన్నచోట పీకి పారెయ్యి. బలమైనవి ఉంచు.

మళ్ళీ మూడు మూటలు పంపుతున్నాను, అవే దారాలు. టైలరమ్మకి క్షమించమని చెప్పు. ఆవిడ నసిగింది ఈ మాటేనేమో.

అక్క


సెప్టెంబరు 3

అక్కకి,

మొలిచాయి!

అక్కా, మొలిచాయి! ముందు వంగ, ఆ వెనక టమాటా, అన్నిటికన్నా మొండిది మిరప, నీలాగే, ఆలస్యంగా వచ్చింది. మొదటి మొలక చూసిన రోజు పంతులమ్మ పాఠం చెబుతుంటే ఆగలేక మధ్యలో లేచి మడి దగ్గరికి వెళ్ళిపోయాను. తరగతంతా నా వెనకే వచ్చింది. పంతులమ్మ సుద్దముక్క చేత్తో పట్టుకునే వచ్చింది. మట్టి పగిలి చిన్న వంపు లేచింది. నేను ఇన్ని మేడలు లేపాను గానీ ఏదీ తనంతట తాను లేవలేదు. అందరం వంగి అలా చూస్తూ నిలబడ్డాం.

టైలరమ్మ అప్పుడు నసిగింది నువ్వన్న మాటే. "నేనప్పుడే చెప్పాను కదా మేస్త్రీ" అంది. "గట్టిగా చెప్పాలి" అన్నాను. అంతకన్నా ఏం క్షమాపణ కావాలి?

కానీ నువ్వు చెప్పినట్టు పీకి పారెయ్యలేదు. నువ్వెలా చెప్పావసలు? ఇంత కష్టపడి లేచినదాన్ని పీకమంటావా? నా చేత కాలేదు. ఒత్తుగా ఉన్నవాటిని వేళ్ళతో సహా తీసి, పాత పెయింటు డబ్బాలు కడిగి, అడుగున మేకుతో బెజ్జాలు కొట్టి నాటాను. నేను పనిచేసిన చోట్లనుంచి డబ్బాలు అడిగి తెచ్చాను. మిగిలిన డబ్బాల్లో టైలరమ్మ పాలకూర చల్లింది. ఇప్పుడు మడి నిండా మొక్కలు, బడి వసారా నిండా డబ్బాలు. క్లాసుకి వెళ్ళాలంటే దాటుకుంటూ వెళ్ళాలి. పంతులమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, "వార్షికోత్సవం రోజు వీటిని అమ్మేద్దాం" అంది. అధ్యక్షుడికి కబురు పెట్టాం. "జనం కొంటారా, చూద్దాం" అన్నాడట. అంటే ఆ రోజే తేలిపోతుంది. మడా, గచ్చా.

ఒక్క సంగతి. అమ్మడం నాకు తెలియదు. ఇల్లు కట్టమని వాళ్ళే వచ్చి అడిగేవాళ్ళు. మొక్క కొనమని నేను అడగాలా?

తమ్ముడు,
తోట సంఘం పెద్ద


సెప్టెంబరు 12

తమ్ముడూ,

పీకి పారెయ్యమంటే డబ్బాల్లో నాటావా? నా మాట వినకపోవడం నీకు పుట్టుకతో వచ్చింది. నన్ను ఎగతాళి చేయడానికే అలా చేశావని బావతో అన్నాను. "కాదే, వాడికి మనసొప్పలేదు" అన్నాడాయన. ఆయన నీ పక్షం ఎప్పుడూ.

అమ్మకానికి నేను చెప్పేది ఒకటే. నువ్వు నోరు తెరవకు. వెనక కూర్చో. డబ్బాలు అందించు. టైలరమ్మని మాట్లాడనివ్వు, గిరాకీతో మాట్లాడడం ఆవిడకి అలవాటు. నీ మాట సుత్తిదెబ్బలా ఉంటుంది. ఆ అధ్యక్షుడు వస్తే, ఏది అడిగితే అది చేతికిచ్చి దణ్ణం పెట్టు. తోట నిలవాలంటే ఒక్కపూట మెత్తగా ఉంటే చచ్చిపోవులే.

అక్క


సెప్టెంబరు 28

అక్కకి,

అయిపోయింది. నీకు అంతా వరసగా రాస్తా, మధ్యలో తిట్టకు.

వార్షికోత్సవం రోజు గేటు పక్కన బల్లలు వేసి డబ్బాలు పేర్చాం. నువ్వు చెప్పినట్టే వెనక ముక్కాలిపీట మీద కూర్చున్నాను. నోరు కట్టేసుకున్నాను. టైలరమ్మ "రండి, రండి" అని నవ్వుతూ పిలుస్తోంది. జనం వస్తున్నారు, చూస్తున్నారు, ముట్టుకుంటున్నారు, పోతున్నారు. "పోయినసారి కొంటే చచ్చిపోయింది" అంటున్నారు. ఒక్క డబ్బా కదల్లేదు.

అప్పుడు ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ వచ్చింది. టమాటా మొక్క చేతిలోకి తీసుకుంది. నాకు ఆగలేదు. లేచి, "అది పెట్టండమ్మా, మీ ఇంట్లో బతకదు" అన్నాను. టైలరమ్మ నా కాలు తొక్కింది.

"మీకెలా తెలుసు?" అంది నర్సమ్మ.

"మీ ఇల్లు నేను కట్టిందే. మీది కింది వాటా. వెనక సజ్జ కింద సాయంత్రం దాకా నీడే. టమాటా ఎండ లేక చస్తుంది. పాలకూర పట్టుకెళ్ళండి, హాయిగా బతుకుతుంది."

ఆవిడ నవ్వి పాలకూర తీసుకుంది. పక్కనున్నాయన, "మరి మా ఇంటికి?" అన్నాడు. ఆయనది రెండో వీధిలో పడమటి పిట్టగోడ. మిట్టమధ్యాహ్నం నుంచి ఎండ దంచుతుంది. మిరప ఇచ్చాను. అంతే, అక్కా! బల్ల చుట్టూ మూగారు. ఎవరూ మొక్క ఎంత అని అడగడం లేదు, "మేస్త్రీ, మాకు ఎండ ఎటువైపు పడుతుంది?" అని అడుగుతున్నారు. ఈ చుట్టుపక్కల నేను కట్టని ఇల్లు తక్కువ. ఏ కిటికీలోంచి పొద్దు ఎంత లోపలికి వస్తుందో కళ్ళు మూసుకుని చెబుతాను. నేను కట్టని ఇళ్ళవాళ్ళని నిలబెట్టి అడిగాను. ఇద్దరికి ఏమీ ఇవ్వకుండా పంపేశాను. వాళ్ళూ నవ్వుతూనే వెళ్ళారు, ఒకాయన వాళ్ళావిణ్ణి తీసుకుని మళ్ళీ వచ్చాడు. డ్రైవరు డబ్బాలు మోయలేక చొక్కా విప్పేశాడు.

అన్నీ అయిపోయాక ఒక్కటి మిగిలింది. నీలం డబ్బాలో టమాటా, అప్పుడే పూత పట్టింది. మిగిలింది కాదు, నేనే దాచాను. అప్పుడొచ్చాడు అధ్యక్షుడు. అందరూ చూస్తుండగా జేబులో చెయ్యి పెట్టి, "అది ఇవ్వు మేస్త్రీ, మా వరండాలో పెట్టుకుంటా" అన్నాడు.

నువ్వు దణ్ణం పెట్టమన్నావు. గుర్తుంది. కానీ నోరు ఆగలేదు.

"మీకివ్వను" అన్నాను.

టైలరమ్మ మళ్ళీ నా కాలు తొక్కింది.

"మీ వరండా కట్టింది నేనే. పొద్దున్న ఎండ మీ కుర్చీ దాకా వచ్చేది. తర్వాత మీరు ముందుకి రేకులు వేయించారు. ఇప్పుడు పట్టపగలు లైటు వేసుకుని పేపరు చదువుతున్నారు. అక్కడ పెడితే ఇది తాడులా సాగి పడిపోతుంది."

"పోనీ, మేడ మీద పెడతా."

"మీకు మోకాళ్ళ నొప్పులు. మెట్లెక్కి ఎవరు నీళ్ళు పోస్తారు?"

ఆయన జేబులోంచి చెయ్యి ఖాళీగా తీసి వెళ్ళిపోయాడు. పంతులమ్మ మొహం సుద్దలా తెల్లబోయింది. టైలరమ్మ, "ఇంకేముంది, సిమెంటు కలుపుకో" అంది.

అక్కా, అబద్ధం చెప్పి ఆ మొక్కని చంపమంటావా? నేను చేసింది నాకు తప్పనిపించడం లేదు. కానీ మడి దగ్గరికి వెళ్ళలేకపోతున్నాను. వంగమొక్కలు పూత పట్టాయి. వాటి మొహం చూడలేను.

తమ్ముడు


అక్టోబరు 6

ఒరేయ్ తమ్ముడూ,

తిట్టొద్దన్నావు కాబట్టి తిట్టడం లేదు. తిట్లన్నీ బావకి పడ్డాయి.

గిరాకీని వెనక్కి పంపి సరుకంతా అమ్ముకున్నవాణ్ణి నిన్నే చూశాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు, "అవున్రా, నా తమ్ముడే" అనిపించింది. ఆ అధ్యక్షుడు మడి మూయించేస్తే మూయించెయ్యనీ. మొక్కకి అన్యాయం చెయ్యలేదు నువ్వు.

ఒక మాట. ఇది ఎవరితోనూ అనకు. ఈ ఏడు నా టమాటా నారు పోయింది. సన్నగా, పాలిపోయి, గోడ పక్కన వంగి పడిపోయింది. పక్కింటివాళ్ళు మేకలు అమ్మేసి ఏళ్ళయింది, నీ గోడ మాత్రం అలాగే నిలబడి ఉంది. నీ దగ్గర ఏమైనా మిగిలితే నాలుగు మొక్కలు పంపు. నేనే అడుగుతున్నాను. నవ్వకు.

అక్క


అక్టోబరు 19

అక్కకి,

మడి మనదే!

మొన్న పొద్దున్న అధ్యక్షుడి దగ్గర్నుంచి రమ్మని కబురొచ్చింది. గచ్చు పనికే అనుకున్నాను. కోడలు తాపీ అందిస్తే, "అక్కర్లేదు" అని ఖాళీ చేతులతో వెళ్ళాను. పోయమంటే పోయనని మొహం మీద చెప్పొద్దామని.

వెళ్ళేసరికి ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. లైటు లేదు. పైన రేకులు లేవు! విప్పించి గోడవారగా ఆనించాడు. "వచ్చి చూడు మేస్త్రీ" అన్నాడు.

నేను అంత తేలిగ్గా ఒప్పుకుంటానా? గడప పక్కన చతికిలబడి కూర్చున్నాను. ఆయన పేపరు మడిచాడు. ఇద్దరం నేల చూస్తున్నాం. ఎండ మెల్లగా గడప దాటింది. గచ్చు మీద పాకింది. కుర్చీ కాళ్ళు పట్టుకుంది. ఆయన తన పాదాలు ముందుకి చాచి ఎండలో పెట్టుకున్నాడు.

"చాలా?" అన్నాడు.

"చాలు" అన్నాను. వెళ్ళి నీలం డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. అప్పటికి దానికి గోళీ అంత కాయ ఉంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా మొహం చూడకుండా, "ఆ గచ్చు పని నీకు లేదు, పో" అన్నాడు.

బడి దాకా పరుగెత్తానక్కా! ఈ మోకాళ్ళతో! పంతులమ్మ బోర్డు మీద "తోట" అని పెద్దగా రాసింది. డ్రైవరు దాని కింద ఒక వంకాయ బొమ్మ వేశాడు, చెప్పులా ఉంది. టైలరమ్మ మొదటి వంకాయ కోసి నా చేతిలో పెట్టింది. వచ్చే విడత తోటకి కూడా నేనే పెద్ద. ఈసారి అందరూ చెయ్యెత్తారు.

ఇక నీ సంగతి. నాలుగు మొక్కలు పంపమన్నావు.

పంపను.

నీ పెరట్లో ఎండ లేదు. అధ్యక్షుడికి ఇవ్వనిది నీకెలా ఇస్తాను? అక్కవైతే మాత్రం? గోడలో తప్పు లేదు, అది మళ్ళీ చెబుతున్నా. గుండుదారం తెస్తాను, బావ ముందే వేసి చూపిస్తాను. నువ్వు అడిగినంత ఎత్తు కట్టాను, అంతే. ఇన్నేళ్ళలో నేను కట్టిన గోడ నేను విప్పింది లేదు.

ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. సుత్తి, ఉలి తెస్తున్నాను. పై వరసలు దించుతాను. ఎండ నీ మడి మీద పడేదాకా ఎన్ని దించాలో అన్నీ దించుతాను. పడ్డాక చూసి, అప్పుడిస్తాను మొక్కలు. మడిలోంచి తీసి డబ్బాల్లో నాటాను, ఒళ్ళో పెట్టుకుని తెస్తున్నాను, నాలుగు కాదు, ఎక్కువే. దించిన ఇటుకలు పారేయకు, నీ మడి చుట్టూ అంచు కడతాను.

దిమ్మిస తేవడం లేదు. బావకి చెప్పు.

నీ తమ్ముడు,
తోట సంఘం పెద్ద